మంజూరైన కోట్లు ఏ గల్లీలో ఆగుతాయి?

హైదరాబాద్‌లో ఏ చౌరస్తాలో నిలబడ్డా ఒక ఫ్లెక్సీ కనపడుతుంది. డివిజన్‌కి ఇన్ని కోట్లు మంజూరు చేయించిన ప్రియతమ నాయకుడికి కాలనీవాసుల కృతజ్ఞతలు అని, కింద పాతికమంది పాస్‌పోర్టు ఫొటోలు. ఆ అంకె చాలాసార్లు అబద్ధం కాదు. ఎక్కడో ఒక ప్రొసీడింగ్స్ కాగితం మీద నిజంగానే ఉంటుంది. ఆ కాగితం గల్లీలో కాంక్రీటుగా మారేలోపు ఎన్ని టేబుళ్లు దాటాలో, ఏ టేబుల్ దగ్గర ఏ కండువా పనిచేస్తుందో మాత్రం ఫ్లెక్సీ మీద రాయరు.

అధికార పార్టీ ఎమ్మెల్యే ఉంటే నిధులొస్తాయి, ప్రతిపక్షం వాడుంటే రావు. ఛాయ్ బండి దగ్గర కూడా వినపడే మాట ఇది. ఇందులో సగమే నిజం. బడ్జెట్ పుస్తకాలు తిరగేసి మీ నియోజకవర్గం పేరు వెతకండి, దాదాపు దొరకదు. పద్దులన్నీ శాఖలవారీగా, పథకాలవారీగా ఉంటాయి. నియోజకవర్గం లెక్కన ఇచ్చే డబ్బు ఉన్నచోట కూడా కాగితం మీద అందరికీ సమానమే. కాబట్టి ఎవరికి ఎంత ఇచ్చారని అడిగితే ప్రభుత్వం దగ్గర ఎప్పుడూ మంచి జవాబు ఉంటుంది. అడగాల్సింది ఎవరి బిల్లు ముందు పాసైందని. నా లెక్కలో పక్షపాతం కేటాయింపులో తక్కువ, వరసలో ఎక్కువ.

ముందు ఆ "సమానం" సంగతి చూద్దాం, ఎందుకంటే అదీ అంత అమాయకమైన మాట కాదు. తెలంగాణలో నియోజకవర్గ అభివృద్ధి నిధి, మనం సీడీపీ అంటాం, 2021-22 బడ్జెట్ నుంచి ఎమ్మెల్యేకీ ఎమ్మెల్సీకీ ఏడాదికి 5 కోట్లు. 119 మంది ఎమ్మెల్యేలు, 40 మంది ఎమ్మెల్సీలు కలిపి 795 కోట్లు. ఇప్పుడు శేరిలింగంపల్లి తీసుకోండి. 2023 ఎన్నికల నాటికి అక్కడ 7.3 లక్షల ఓటర్లు, రాష్ట్రంలో అదే అతి పెద్దది. అతి చిన్నది భద్రాచలం, ఒకటిన్నర లక్షల లోపు. ఎమ్మెల్యే నిధిని ఓటర్లకు భాగించండి: శేరిలింగంపల్లిలో మనిషికి ఏడాదికి 68 రూపాయలు, భద్రాచలంలో 330 పైనే. ఎంపీ నిధులు ఇంకా విచిత్రం. దేశంలోనే ఎక్కువ ఓటర్లున్న లోక్‌సభ స్థానం మన మల్కాజిగిరి, 2024లో 37 లక్షల పైన. లక్షద్వీప్‌లో 58 వేల లోపు. ఇద్దరు ఎంపీలకీ అదే 5 కోట్లు. ఇక్కడ తలకి 13 రూపాయలు, అక్కడ 860.

భద్రాచలానికి ఎక్కువ వెళ్లాలంటే నేనూ ఒప్పుకుంటాను. ఏజెన్సీ ప్రాంతం, ఊళ్ల మధ్య దూరాలెక్కువ, వాగు దాటడానికి ఒక కల్వర్టు కట్టాలన్నా ఖర్చే. కానీ ఆ ఊళ్ల అవసరం చూసి ఎవరో ఈ తేడా పెట్టారనుకుంటే పొరపాటు. నియోజకవర్గాల హద్దులు 2008లో, 2001 జనాభా లెక్కల మీద గీశారు. ఆ తర్వాత గచ్చిబౌలి, కొండాపూర్, మియాపూర్ ఏమయ్యాయో చెప్పనక్కర్లేదు. హద్దులు కదల్లేదు, వాటాలూ కదల్లేదు. విభజన చట్టంలో తెలంగాణ అసెంబ్లీని 119 నుంచి 153కి పెంచుకోవచ్చని 26వ సెక్షన్ ఉంది. ఆ పెంపు అలాగే నానుతోంది.

ఇందిరమ్మ ఇళ్లలోనూ ఇదే తంతు. నియోజకవర్గానికి 3,500 ఇళ్లు, ఇంటికి 5 లక్షలు. వినడానికి సమన్యాయమే. మొదటి విడతలో సొంత జాగా ఉండాలన్నది షరతు. ముషీరాబాద్‌లోనో ఖైరతాబాద్‌లోనో కిరాయికుండే వాడికి సొంత జాగా ఎక్కడిది? పల్లెలో 3,500 చాలవు, బస్తీలో 3,500కి షరతుకు సరిపోయేవాళ్లు దొరకరు. వాటా సమానంగా పంచడమే అసమానం కావడానికి ఇంతకంటే చక్కటి ఉదాహరణ వేరే అక్కర్లేదు.

ఇక విచక్షణ మీద ఇచ్చే డబ్బు. ప్రత్యేక అభివృద్ధి నిధి, ఎస్‌డీఎఫ్. 2024లో నియోజకవర్గానికి 10 కోట్ల చొప్పున ప్రకటించారు. అందరికీ ఇచ్చారు కదా అంటే ఇచ్చారు, పనులు ఖరారు చేసే అధికారం మాత్రం జిల్లా ఇన్‌ఛార్జి మంత్రి చేతిలో పెట్టారు. ఇది నగరంలో ఎలా పనిచేస్తుందో అర్థం కావాలంటే 2023 ఫలితం గుర్తుంచుకోవాలి. గ్రేటర్ పరిధిలోని 24 స్థానాల్లో బీఆర్‌ఎస్ 16, మజ్లిస్ 7, బీజేపీ 1, అధికారంలోకి వచ్చిన కాంగ్రెస్‌కి సున్నా. అంటే అప్పుడు నగరం మొత్తంలో ఎమ్మెల్యే ఒక పార్టీ, ఇన్‌ఛార్జి మంత్రి ఇంకో పార్టీ. ఎమ్మెల్యే లెటర్‌ప్యాడ్ మీద ఒక జాబితా వెళ్తుంది, ఓడిపోయిన అభ్యర్థి దగ్గర్నుంచి ఇంకో జాబితా. శంకుస్థాపన రోజు కొబ్బరికాయ ఎవరు కొట్టాలని ప్రోటోకాల్ గొడవ. టీవీలో చూసే ఆ తోపులాట కొబ్బరికాయ కోసం కాదు, ఆ జాబితా ఎవరిదన్నది కాలనీకి తెలియడం కోసం.

బీఆర్‌ఎస్ ఉన్నప్పుడు ఇదే ఫిర్యాదు కాంగ్రెస్, బీజేపీ ఎమ్మెల్యేలు చేసేవాళ్లు. అప్పుడు గజ్వేల్ ఏరియా డెవలప్‌మెంట్ అథారిటీ ఉండేది, 2023 డిసెంబరులో కొడంగల్‌కీ అలాంటిదే వచ్చింది. ముఖ్యమంత్రి మారాడు, నియోజకవర్గం మారింది, నమూనా అదే. గోడ దూకే ప్రతి ఎమ్మెల్యే నోటా వచ్చే "నియోజకవర్గ అభివృద్ధి కోసమే" అనే మాట విని మనం నవ్వుతాం. నవ్వుకోండి గానీ, ఆ మాటలో ఒక ఒప్పుకోలు ఉంది చూడండి: ఇటువైపు కూర్చుంటే ఫైల్ కదలదని ఆయనే చెప్తున్నాడు. 2019లో 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు టీఆర్‌ఎస్‌లో విలీనమైనప్పుడూ ఇదే, 2024లో పదిమంది బీఆర్‌ఎస్ వాళ్ల మీద అనర్హత పిటిషన్లు పడ్డప్పుడూ ఇదే.

వరస ఎలా మారుతుందో కళ్లకు కట్టాలంటే ఉప ఎన్నికని మించింది లేదు. 2021 ఆగస్టులో దళితబంధు హుజూరాబాద్‌లో పైలట్‌గా మొదలైంది, కుటుంబానికి 10 లక్షలు. ఆ ఒక్క నియోజకవర్గానికి 2,000 కోట్లు. మిగతా 118 నియోజకవర్గాలకు ఆ ఏడాది తలా 100 కుటుంబాలు, అంటే 11,800 కుటుంబాలు, 1,180 కోట్లు. ఒక్క చోటికి రెండు వేలు, నూట పద్దెనిమిది చోట్లకి కలిపి పన్నెండు వందల లోపు. పథకం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. ఆ అక్టోబరు 30న పోలింగ్ లేకపోతే ఈ లెక్క ఇలా ఉండేదా అన్నదే ప్రశ్న. ఫలితం మాత్రం అధికార పార్టీకి మింగుడు పడలేదు, ఈటల రాజేందర్ 23 వేల పైచిలుకు మెజారిటీతో గెలిచారు. మరుసటి ఏడాది మునుగోడు ఉప ఎన్నిక రాబోతుండగా ఎప్పటినుంచో అడుగుతున్న గట్టుప్పల్ మండలం వచ్చేసింది. 2025 నవంబరులో జూబ్లీహిల్స్ ఉప ఎన్నికకి ముందు మంత్రులు డివిజన్లు పంచుకుని గల్లీ గల్లీ తిరిగారు, ఎన్నాళ్లుగానో ఎవరూ తొంగి చూడని సందుల్లో కూడా. ఓటరు డబ్బు తీసుకుని కూడా తన ఓటు తాను వేసుకోగలడని హుజూరాబాద్ చెప్పింది. అయినా పార్టీలు ఆ పాఠం నేర్చుకోలేదు, నేర్చుకోవనే నా అనుమానం. గెలిస్తే డబ్బు వల్ల గెలిచామంటారు, ఓడితే చాల్లేదంటారు.

ఈ విషయం మీద అర్థశాస్త్రవేత్తలు చేసిన పని కూడా ఇదే వైపు చూపిస్తుంది, కాకపోతే మనం అనుకునేదానికంటే కాస్త మెలికతో. రాత్రిపూట ఉపగ్రహం తీసిన దీపాల వెలుగు చూసి బాస్కరన్, మిన్, ఉప్పల్ అనే ముగ్గురు 2015లో ఒక సంగతి చెప్పారు: ఉప ఎన్నిక జరిగే నియోజకవర్గాల్లో ఆ సమయంలో కరెంటు సరఫరా మెరుగుపడుతుంది. కేంద్రం రాష్ట్రాలకిచ్చే విచక్షణ గ్రాంట్ల మీద అరుళంపళం, దాస్‌గుప్తా, ధిల్లాన్, దత్తా 2009లో లెక్కగట్టింది, కేంద్రంలోని పార్టీయే పాలిస్తూ పోటీ కూడా గట్టిగా ఉన్న రాష్ట్రానికి, ఆ రెండూ లేని రాష్ట్రం కంటే 16 శాతం ఎక్కువ వెళ్తోందని. రెండూ ఉండాలి, అది గమనించండి. మనవాడై ఉండటం ఒక్కటే సరిపోదు, చేజారే భయం కూడా ఉండాలి. అదే ఏడాది కీఫర్, స్తుతి ఖేమానీ ఎంపీ నిధుల మీద చూసింది ఇంకా ఆసక్తికరం: పార్టీ కంచుకోటల్లో ఎంపీలు తమ నిధులు తక్కువ ఖర్చు పెడతారు. గెలుపు ఖాయమైనప్పుడు కష్టపడటం దేనికి?

పాతబస్తీ ముచ్చట ఇక్కడికొస్తుంది. మజ్లిస్ 2009, 2014, 2018, 2023 నాలుగు ఎన్నికల్లోనూ ఏడు సీట్లు గెలిచింది. ఏ ప్రభుత్వం వచ్చినా ఆ ఏడింటి మీద పెద్దగా ఆశ పెట్టుకోదు, పోగొట్టుకునేదీ లేదు. మెట్రో రెండో కారిడార్ జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా 2020 ఫిబ్రవరి 7న తెరుచుకుంది. అక్కడినుంచి ఫలక్‌నుమా దాకా ఉండాల్సిన ఐదున్నర కిలోమీటర్లు మొదటి దశలో కట్టనే లేదు. మళ్లీ శంకుస్థాపన 2024 మార్చి 8న. ఆస్తుల సేకరణ, ప్రార్థనాస్థలాలు, అలైన్‌మెంట్ మీద అభ్యంతరాలు, ఇవన్నీ నిజమైన ఇబ్బందులే, సాకులు కావు. అమీర్‌పేటలోనూ సుల్తాన్‌బజార్‌లోనూ ఇబ్బందులున్నాయి మరి, అక్కడ దారి వెతికారు. బహదూర్‌పురా ఫ్లైఓవర్ 2022లో, ఆరాంఘర్ నుంచి జూపార్కు దాకా నాలుగు కిలోమీటర్ల ఫ్లైఓవర్ 2025 జనవరిలో తెరుచుకున్నాయి కాబట్టి అసలేమీ రాలేదనడం అన్యాయం. ఆలస్యంగా వచ్చాయి. నేను వరస అంటున్నది దీన్నే. "పాతబస్తీ వాళ్లు టాక్సు కట్టరు, కరెంటు బిల్లు కట్టరు, అందుకే పనులు లేవు" అనే వాదన వాట్సాప్‌లో బాగా నడుస్తుంది. డ్రైనేజీ పైపు ఇంటిపన్ను రసీదు చూసి పారదు.

ఇప్పుడు అసలు దారిలోకి వద్దాం. సీడీపీలో ఒక గల్లీకి సీసీ రోడ్డు అనుకోండి. ఎమ్మెల్యే లెటర్ కలెక్టర్‌కి వెళ్తుంది, జిల్లా ముఖ్య ప్రణాళికాధికారి (సీపీవో) ఆఫీసు చూస్తుంది. అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) వచ్చి కొలిచి ఎస్టిమేట్ కడతాడు. పై ఇంజినీర్లు డీఈ, ఈఈ దాటి సాంకేతిక మంజూరు, ఆ పక్కనే పరిపాలనా మంజూరు. ఫ్లెక్సీ పడేది ఇక్కడే, అంటే ఒక్క తట్ట కంకర కూడా పడకముందే. తర్వాత టెండరు, అగ్రిమెంటు, పని, ఏఈ కొలతల పుస్తకంలో (ఎంబీ) కొలతలు రాయడం, క్వాలిటీ కంట్రోల్, బిల్లు పెట్టడం. బిల్లు పే అండ్ అకౌంట్స్ ఆఫీసులో టోకెన్ నంబరు తీసుకుంటుంది. ఆ తర్వాత ఆర్థిక శాఖ డబ్బు వదలాలి. టోకెన్ పడ్డ బిల్లు నెలల తరబడి కూర్చోవచ్చు, రాజకీయానికి అసలు ఇల్లు అదే. మంజూరు ఆపితే వార్త అవుతుంది, ఎమ్మెల్యే అసెంబ్లీలో లేచి అడుగుతాడు. బిల్లు ఆపితే ఎవరూ ఆపినట్టుండదు. "నిధుల లభ్యతను బట్టి" అనే మాట ఒకటి ఉంది కదా. ఆ మాట చాటున ఎవరి బిల్లు ముందు కదిలినా అడిగేవాడు లేడు.

ఇందులో ఎమ్మెల్యే కంటే ముందు తెలివి తెచ్చుకునేది కాంట్రాక్టరు. బిల్లు మూడు నెలల్లో వస్తుందా, రెండేళ్లు పడుతుందా అన్నది అతని వడ్డీ లెక్క. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి పని చేస్తే ఏడాది ఆలస్యానికి 24 శాతం పోతుంది. అంత మార్జిన్ ఏ సీసీ రోడ్డులోనూ ఉండదు. కాబట్టి పలుకుబడి లేని నియోజకవర్గంలో టెండరు పిలిస్తే ఎవరూ రారు. రెండోసారి పిలుస్తారు, మూడోసారి. ఎస్టిమేట్ కంటే 5 శాతానికి మించి ఎక్కువ ధర ఒప్పుకోరు కాబట్టి ఆలస్యానికి తగ్గ ధర కోట్ చేసే దారీ లేదు. చివరికి ఎవరో ఒకరు వస్తారు, ఆ వడ్డీని కాంక్రీటులోంచి రాబట్టుకోవడానికి.

ఎలా రాబట్టుకుంటాడో దగ్గరగా చూడండి. వంద మీటర్ల గల్లీ, నాలుగు మీటర్ల వెడల్పు, ఆరు అంగుళాల మందం, అంటే 15 సెంటీమీటర్లు. 60 ఘనపు మీటర్ల కాంక్రీటు కావాలి. ఒక ట్రాన్సిట్ మిక్సర్ ఆరు ఘనపు మీటర్లు తెస్తుందనుకుంటే పది బండ్లు. మందం 12 సెంటీమీటర్లకి దిగితే 48, ఎనిమిది బండ్లు. రెండు బండ్ల మాలు మిగిలింది. పక్కన నిలబడి చూసేవాడికి తెలియదు, ఎందుకంటే అంచున కొట్టే ఇనుప చానల్ ఆరు అంగుళాలదే ఉంటుంది. అంచు కొలిస్తే లెక్క సరిగ్గా వస్తుంది. మధ్యలో నేల మాత్రం ఎత్తుగా వదిలేస్తారు, మొరం సరిగ్గా లెవెల్ చేయకుండా. నాలుగు మీటర్లకోసారి జాయింట్ కోయాలి, అదీ వేసిన మరుసటి రోజుకల్లా. కటింగ్ మెషిన్ కిరాయి మిగులుతుందని కోయరు, రోడ్డు తనకు నచ్చినచోట తనే పగుల్తుంది. రెండు వారాలు తడపాల్సింది మూడ్రోజులు తడుపుతారు, ట్యాంకర్ ఖర్చు. ఏడాదికి పైపొర లేచి దుమ్ము రాలుతుంది. అప్పుడు కాలనీ వాళ్లు కాంట్రాక్టర్ని తిడతారు. న్యాయమే, తిట్టాలి. కానీ అదే కాంట్రాక్టరు పక్క నియోజకవర్గంలో, బిల్లు టైముకొచ్చే చోట, అదే రేటుకి పది బండ్లూ పోస్తాడు.

ఎన్నికల కోడ్ దగ్గర ఇంకో ఆట ఉంది. కోడ్ వచ్చాక కొత్త పని మొదలుపెట్టకూడదు, వర్క్ ఆర్డర్ ఇచ్చినా పని నేల మీద మొదలవ్వకపోతే ఆగాల్సిందే. నడుస్తున్న పని నడవొచ్చు. ఆఫీసు భాషలో దీన్ని గ్రౌండింగ్ అంటారు. అందుకే షెడ్యూల్ వచ్చే ముందు వారం ఊరంతా జేసీబీలు. ఒక బండి కంకర దింపి, జేసీబీతో రెండు గజాలు గోకి, ఫొటో తీస్తారు. పని గ్రౌండ్ అయింది. ఆ తవ్విన గల్లీ ఎన్నికలయ్యేదాకా అలాగే ఉంటుంది, ప్రభుత్వం మారితే ఇంకా చాలా కాలం ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు చేసే మొదటి పని, పాత ప్రభుత్వం మంజూరు చేసి ఇంకా మొదలవ్వని పనులన్నీ ఆపేయడం.

ఇంత సేపూ రోడ్డు ఉదాహరణే ఎందుకు చెప్తున్నానంటే నియోజకవర్గ నిధుల్లో ఎక్కువగా కనపడేవి రోడ్డు, కమ్యూనిటీ హాలు, బోరు, హైమాస్ట్ లైటు. కనపడేదానికే ఓటు. నేల కింద వేసే డ్రైనేజీ పైపుకి శిలాఫలకం పెట్టేదెక్కడ? పైపు జలమండలిది, రోడ్డు జీహెచ్‌ఎంసీది, నిధి ఎమ్మెల్యేది. ముందు పైపు మార్చి తర్వాత రోడ్డు వేయాలని ముగ్గురికీ తెలుసు. ఎమ్మెల్యే నిధి మార్చిలోపు ఖర్చవ్వాలి, జలమండలి ఎస్టిమేట్ ఇంకా కదల్లేదు. రోడ్డు పడిపోతుంది. మూడు నెలలకి మ్యాన్‌హోల్ పొంగుతుంది, పైపు పెద్దది వేయాలని కొత్త రోడ్డు మధ్యలోంచి కోస్తారు. ఆ కోత పూడ్చేటప్పుడు మట్టి పొరలు పొరలుగా దిమ్మిస చేయరు కాబట్టి మొదటి వానకే కుంగుతుంది. కాలనీ జనం "ప్లానింగ్ లేదు" అంటారు. ప్లానింగ్ ఉంది, అది ఎన్నికల క్యాలెండర్‌కి తగ్గట్టుంది.

వాన నీళ్లు ఇంకా మొండివి, వాటికి నియోజకవర్గం హద్దు అసలే తెలియదు. హుస్సేన్‌సాగర్ మిగులు నీళ్ల నాలా కవాడిగూడ, అశోక్‌నగర్, బాగ్‌లింగంపల్లి మీదుగా ముషీరాబాద్ దాటి అంబర్‌పేట వైపు వెళ్లి మూసీలో కలుస్తుంది. పైన ఒకాయన తన నియోజకవర్గంలో నాలాకి గోడలు కట్టించి వెడల్పు చేయించాడనుకోండి. ఆయన ఓటర్లు సంతోషం. నీళ్లు ముందుకంటే వేగంగా కిందికి దూకుతాయి, కింద ఇరుకు అలాగే ఉంటుంది. మునిగేది పక్క ఎమ్మెల్యే ఓటర్లు. ఇంజినీర్లు ఎప్పుడూ చెప్పేది ఒకటే, నాలా పని మూసీ దగ్గర మొదలుపెట్టి పైకి రావాలి. రాజకీయం పని ఎక్కడ మొదలుపెడుతుందన్నది ఆ ఏడాది ఎవరి మాట చెల్లుతుందో దాన్ని బట్టి ఉంటుంది. 2020 అక్టోబరు 13న బేగంపేటలో 19 సెంటీమీటర్ల పైన వాన పడింది, ఆ వారంలో బాలాపూర్ వైపు గుర్రం చెరువు తెగింది. బాలాపూర్ మహేశ్వరం నియోజకవర్గం. ఇళ్లు మునిగిన హఫీజ్‌బాబానగర్ చాంద్రాయణగుట్ట. చెరువు కట్ట బాగుచేయడానికి చాంద్రాయణగుట్ట ఎమ్మెల్యే తన సీడీపీ పక్క నియోజకవర్గంలో పెడతాడా? మహేశ్వరం ఎమ్మెల్యేకి కట్ట కింద ఉన్నది తన ఓటర్లు కాదు.

ఆ వరదల తర్వాత ఏం జరిగిందో వరసగా చూస్తే ఈ వ్యాసం సగం అదే. మొదట 550 కోట్లు ప్రకటించి ఇంటింటికీ 10 వేలు పంచారు. దీపావళికి గ్రేటర్‌లో 15 వేల లోపు ఇంటిపన్ను కట్టేవాళ్లకి సగం మాఫీ. నవంబరు 18న ఎన్నికల సంఘం వరద సాయం ఆపమంది. డిసెంబరు 1న జీహెచ్‌ఎంసీ పోలింగ్. టీఆర్‌ఎస్ 56, బీజేపీ 48, మజ్లిస్ 44, కాంగ్రెస్ 2. నాలాల కోసం ప్రత్యేక కార్యక్రమం, ఎస్‌ఎన్‌డీపీ, మొదటి దశ 985 కోట్లతో ఆ తర్వాత వచ్చింది. చేతికిచ్చే డబ్బు ఎన్నికకి ముందు, నేలలో పెట్టే డబ్బు ఎన్నిక అయ్యాక. పదివేలు అవసరం లేదనడం నా ఉద్దేశం కాదు. ఫ్రిజ్, పరుపు, బియ్యం మూట బురదలో పోయినవాడికి అది అప్పటికప్పుడు కావాల్సిందే. కానీ ఆ వరసని వరదొక్కటే తేల్చలేదు.

అప్పు సంగతి కూడా ఒక మాట. ఫ్లైఓవర్ల కార్యక్రమం కోసం జీహెచ్‌ఎంసీ 2018, 2019ల్లో మూడు విడతల్లో 495 కోట్ల బాండ్లు అమ్మింది, దానిపైన బ్యాంకు రుణాలు. వడ్డీ మొదటి విడతలో 8.9 శాతం, మూడో విడతకి 10.23. ఫ్లైఓవర్ కొన్ని నియోజకవర్గాల్లో ఉంటుంది, కిస్తీ అన్ని డివిజన్ల ఇంటిపన్నులోంచి పోతుంది. జీతాలూ కిస్తీలూ పోయాక మిగిలినదాంట్లోంచి గల్లీ కాంట్రాక్టర్ల బిల్లులు. మీ కాలనీ వరస అంత కిందికి పోవడానికి మీ కార్పొరేటర్ చేతగానితనం ఒక్కటే కారణం కాదు.

మరి నియోజకవర్గ నిధులే తీసేద్దామా? రెండో పరిపాలనా సంస్కరణల సంఘం ఎంపీ, ఎమ్మెల్యే నిధులు రద్దు చేయమంది. 2010లో సుప్రీంకోర్టు ఎంపీ నిధులు రాజ్యాంగబద్ధమే అంది. నేను రద్దు పక్షం కాదు. బడి ప్రహరీ, బస్తీ బోరు, శ్మశానానికి షెడ్డు లాంటివి ఏ శాఖ పద్దులోనూ ముందు పడవు, వాటికి ఎమ్మెల్యే లెటరే దిక్కు. నా గొడవ రెండింటి మీద. ఒకటి, నాలా, మురుగు పైపు, మెయిన్ రోడ్డు లాంటి ఒకదానికొకటి అతుక్కున్న పనులు ఎమ్మెల్యే నిధుల చేతికి రాకూడదు. 709 కిలోమీటర్ల మెయిన్ రోడ్లు 2019లో ఐదేళ్ల నిర్వహణ ఒప్పందం కింద ఏజెన్సీలకి ఇచ్చారు. లోపాలున్నాయి గానీ, ఆ రోడ్డు మీద గుంత పూడ్చడానికి ఎవరి లెటరూ అక్కర్లేకపోయింది. రెండు, బిల్లుల వరస బయటపెట్టాలి. టోకెన్ తేదీ, చెల్లింపు తేదీ, నియోజకవర్గం పేరు, మూడు నిలువు వరుసల పట్టిక ఆన్‌లైన్‌లో పెడితే చాలు. ఈ డేటా ఆర్థిక శాఖ కంప్యూటర్లలో ఇప్పటికే ఉంది. పెట్టరు, ఎందుకంటే ఫ్లెక్సీల్లో దాగేదంతా ఆ పట్టికలో దొరికిపోతుంది.

పెట్టేదాకా మనం అడగొచ్చు. సమాచార హక్కు దరఖాస్తుకి ఫీజు 10 రూపాయలు, జవాబు గడువు 30 రోజులు. ఎక్కువమంది "మా డివిజన్‌కి ఎన్ని నిధులిచ్చారు" అని అడిగి, మంజూరు జాబితా తెచ్చుకుని మోసపోతారు. అది ఫ్లెక్సీలో ఉన్న అంకే. ఒక్క పని పట్టుకోండి. పని పేరు, మంజూరు నంబరు రాసి, ఎస్టిమేట్ కాపీ, అగ్రిమెంటు తేదీ, ఆ పనికి సంబంధించిన ఎంబీ పేజీలు, క్వాలిటీ కంట్రోల్ రిపోర్టు, బిల్లు టోకెన్ తేదీ, డబ్బు చెల్లించిన తేదీ అడగండి. పక్క నియోజకవర్గంలో అదే ఏడాది అదే పద్దు కింద జరిగిన ఒక పనికీ ఇవే అడగండి. ఒక్కో పనిలో టోకెన్‌కీ చెల్లింపుకీ మధ్య ఎన్ని రోజులో లెక్కపెట్టుకుని పోల్చుకోవడమే. చట్టంలో 2(జె) కింద పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు, వాడిన మెటీరియల్ నమూనా ధ్రువీకరించి తీసుకునే హక్కు కూడా ఉన్నాయి, ఆ మాటలు దరఖాస్తులో అలాగే రాయాలి. మందం చూడటానికి రోడ్డులోంచి ముక్క కోసే కోర్ కటింగ్‌కి ఇంజినీరు వచ్చిన రోజున అక్కడ ఉండండి. చానల్ పక్కన, అంచు దగ్గర కోస్తామంటారు. మధ్యలో కోయమనండి.